పీఠం మీద రెండు కూజాలు

కుట్టు దుకాణం,
సోమవారం మధ్యాహ్నం.

తమ్ముడికి,

ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నానక్కా" అంటావు. అందుకని కాగితం పట్టుకున్నాను. కాగితాన్ని మధ్యలో కట్ చేయడం నీ వల్ల కాదు.

నిన్న నన్ను తిట్టినప్పుడు నువ్వక్కడే ఉన్నావు కాబట్టి అది మళ్ళీ రాయను. నువ్వు బస్సెక్కాక జరిగింది రాస్తాను. మన మైకు ఫాదర్ గారు (మైకు లేకపోయినా ఆ గొంతు అంతే కదా, ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నాం, ఇప్పుడైతే మరీ నోరారా పిలుస్తున్నాను) నన్ను మళ్ళీ అంగీలు మార్చుకునే ఆ దుస్తుల గదిలోకి పిలిచారు. గుడి కమిటీ సెక్రటరీ, ఆయన అల్లుడు, కీబోర్డు మాస్టారు అక్కడే ఉన్నారు. తలుపు తెరిచే ఉంది. బయట వరండాలో జనం టీ తాగుతున్నారు.

"పాత్రలో ద్రాక్షరసం ఉండాలి. నువ్వు నీళ్ళు పెట్టావు. రసం లేకపోతే అది పూజ కాదమ్మా, నాటకం. గుడి పాతికేళ్ళ పండగ నాడు ఆరువందల మంది ముందు నా చేతా, గురువైన మీ తమ్ముడి చేతా నాటకం ఆడించావు. వచ్చే ఆదివారం నుంచి నువ్వు పీఠం దగ్గరికి రావద్దు. తాళం చెవి సెక్రటరీ గారికి ఇచ్చెయ్" అన్నారు.

ఇరవై ఒక్క ఏళ్ళు, తమ్ముడూ. పొద్దున్నే గుడి తలుపు తీసేది నేను. కొవ్వొత్తుల ఒత్తులు కత్తిరించేది నేను. పెద్ద పుస్తకంలో ఆ రోజు ప్రార్థన దగ్గర రిబ్బను పెట్టేది, పూజలో పంచే అప్పాలు లెక్కపెట్టేది, గురువు వేళ్ళ మీద నీళ్ళు పోసి తుండు అందించేది, గంట కొట్టేది, పాత్ర తుడిచిన గుడ్డ ఇంటికి తెచ్చి ఉతికి ఇస్త్రీ చేసేది నేను. ముగ్గురు ఫాదర్లు మారారు, ఒక్కరి చేతా మాట పడలేదు. నిన్న సెక్రటరీ గారి అల్లుడి ముందు తల కొట్టేసినట్టయింది. నా బదులు ఇక ఆ అల్లుడూ, ఇంకో ఇద్దరూ చేస్తారట. మగవాళ్ళయితే కెమెరాలో నిండుగా ఉంటుందట.

నా మటుకు నాకు గట్టిగా గుర్తుంది. ఎరుపు రసం మరకలు పోవడం లేదని రెండేళ్ళ కిందట తెల్ల రసానికి మారాం. అప్పటి నుంచి గాజు కూజాలు రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటున్నాయని రసం కూజా పిడికి ఎర్ర దారం కడుతున్నాను. పూజకు ముందు నీకూ చెప్పాను, "దారం ఉన్నది పాత్రలో ఒంపే రసం, లేనిది నాలుగు చుక్కలు కలిపే నీళ్ళు" అని. నువ్వు నీ ప్రసంగం కాగితాలు చూసుకుంటూ "ఊ" అన్నావు. మామూలుగా అయితే కూజాలు నేనే గురువు చేతికి అందిస్తాను. నిన్న నేను కెమెరాకి అడ్డం వస్తున్నానని, కూజాలు పీఠం మీద పెట్టేసి పక్కకి వెళ్ళమన్నారు. పెట్టి మూడడుగులు వెనక్కి నిలబడ్డాను.

రాత్రంతా ఆలోచించాను. నింపేటప్పుడే మార్చేశానా? నా కళ్ళే మోసం చేశాయా? నీకేమైనా గుర్తుంటే ఆయనకి ఒక్క మాట రాయి. నీ మాటయితే వింటారు.

అక్క

*

ఫాదర్ల నివాసం,
శుక్రవారం.

అక్కకు,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. ఆ రోజు మాట్లాడే సమయం దొరకలేదు. బస్సు టైమైపోయింది.

మన ఊరి గుడి విచారణ చూసే ఫాదర్ గారు నాకంటే పద్దెనిమిదేళ్ళు సీనియర్. ఆయన గుడి విషయంలో బయటి నుంచి నేను వేలు పెట్టడం బాగుండదు. మాట కాస్త కటువైనా మనసు మంచిది. నెలా రెండు నెలలు పోతే ఆయనే పిలుస్తారు.

రెండూ తెల్లగా ఉన్నప్పుడు పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. దేవుడు కూజాలు చూడడు, మనసు చూస్తాడు. నువ్వు కూడా బాగా అలిసిపోయావక్కా. దుకాణం ఒక పక్క, గుడి ఒక పక్క. ఇదీ ఒక రకంగా విశ్రాంతి అనుకో. ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకో.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు

*

కుట్టు దుకాణం,
మరుసటి గురువారం.

గౌరవనీయులైన ఫాదర్ గారికి,

తమరు చెప్పినట్టే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అద్దాలు పెట్టుకుంటే చివరి వరసలోని చీమంత అక్షరాలు కూడా చదివాను. "ఈ కళ్ళతో ఇంకో పదేళ్ళు సూదిలో దారం ఎక్కించుకోవచ్చమ్మా" అన్నాడాయన. ఆ మాట కాగితం మీద రాసిమ్మన్నాను. నవ్వాడు గానీ రాసిచ్చాడు.

ఎందుకు రాయించుకున్నానో వినండి. మొన్న ఒకావిడ కూతురి పెళ్ళి గౌను కుట్టించుకోవడానికి గుడ్డ తెచ్చి, కొలతలిచ్చి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. "ఏమనుకోకండి, మీకు చూపు సరిగ్గా ఆనడం లేదని విన్నాను, కుట్టు వంకర పోదు కదా?" అంది. గుడి వరండాలో తాగిన టీ నా దుకాణం దాకా వచ్చింది. మీ బావ పక్కనే ఉన్నారు. "వంకర పోయింది కుట్టు కాదమ్మా, వేరే" అన్నారు. ఆయనకి ఏడాదికి రెండుసార్లు గుడికెళ్ళడమే ఎక్కువ, అయినా ఆయనకున్న పౌరుషం కొంతమంది గురువులకి లేకపోయింది.

ఇక అసలు సంగతి. తాళం చెవి అప్పగించడానికి పండగైన రెండో రోజు, మంగళవారం గుడికి వెళ్ళాను. ఆదివారం అంత ఏడుపులోనూ నేను కూజాలు కడిగే వెళ్ళాను. పీఠం మీద నుంచి వచ్చింది ఏదైనా మురుగులో పొయ్యను, మట్టిలోనే పోస్తాను. అది నా పద్ధతి, తమరికి తెలుసు. దారం ఉన్న కూజా దాదాపు నిండుగా ఉంది. దాన్ని గుమ్మం పక్కనున్న గులాబీ కుండీలో పోశాను. దారం లేని కూజాలో అడుగున కొంచెమే ఉంది. దాన్ని కిటికీ కింద కుండీలో పోశాను.

మంగళవారం చూద్దును కదా, గులాబీ కుండీ నిండా చీమలు. బారులు తీరి గోడ ఎక్కి దిగుతున్నాయి. కిటికీ కింద కుండీలో ఒక్కటి లేదు. పీఠం రసం ఎంత తియ్యగా ఉంటుందో తాగే మీకే బాగా తెలియాలి. డాక్టరు మాట విన్నాక గానీ నాకు తట్టలేదు, చీమలు నీళ్ళ కోసం అంత హడావిడి పడవు.

కాబట్టి దారం ఉన్న కూజాలో రసమే ఉంది, నేను పెట్టినట్టే. నిండుగా మిగిలింది కాబట్టి పాత్రలో పోసింది అందులోంచి కాదు. పోసిన చెయ్యి నాది కాదు. ఆ రోజు పీఠం మధ్యలో నిలబడింది ఎవరో ఆరువందల మంది చూశారు, కెమెరా కూడా చూసింది.

తమరు రాసిన ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అన్నారు. ఆ ఎవరైనా ఎవరండీ, ఫాదర్ గారూ?

ఇట్లు,
ఈ గుడి విచారణలో ఒక స్త్రీ

*

ఫాదర్ల నివాసం,
బుధవారం.

అక్కా,

నన్ను అలా ఫాదర్ గారూ అనకు. ఆ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

నేనే. నేనే పోశాను.

ఇక్కడ మా గుడిలో రసం ఎప్పుడూ ఎడమ వైపు పెడతారు. చెయ్యి అలవాటుగా ఎడమకి పోయింది. దారం సంగతి నువ్వు చెప్పడం నాకు గుర్తే, కానీ ఆ క్షణంలో నా బుర్రలో దారం లేదు, ప్రసంగం బాగా వచ్చిందా లేదా అని ఉంది. మన గుడిలో, మనవాళ్ళ ముందు, కెమెరా ముందు. నాలుగు చుక్కలు పోయాల్సిన కూజాని ఒంపేసి, ఒంపాల్సిన దాంట్లోంచి నాలుగు చుక్కలు పోశాను.

తాగగానే తెలిసింది. అప్పుడు ఏం చేయాలో కూడా తెలుసు. ఆగి, రసం తెప్పించుకుని, పాత్రలో పోసి, ఆ మాటలు మళ్ళీ చెప్పాలి. రెండు నిమిషాల పని. నువ్వు మూడడుగుల దూరంలోనే ఉన్నావు, కళ్ళతో సైగ చేస్తే తెచ్చేదానివి. కానీ జనం అందరికీ తెలిసిపోతుందనిపించింది. పాత్రని పక్కనున్న ఫాదర్ గారికి అందించాను. ఆయన మొహం మారిపోయింది.

తర్వాత ఆ గదిలో ఆయన నీ మీద అరుస్తున్నప్పుడు నేను తెల్ల అంగీ తలమీంచి తీస్తున్నాను. గుడ్డ లోపల ఉన్నాను. నీ గొంతు వినిపించింది, "నేను సరిగ్గానే పెట్టానండీ" అని. అక్కా, ఆ అంగీలోంచి తల బయటికి తియ్యడానికి నాకు అంతసేపు పట్టకూడదు. కావాలనే ఆలస్యం చేశాను. బయటికొచ్చేసరికి ఆయన వేరే మాటలోకి వెళ్ళిపోయారు. బస్సు టైమైందన్నాను. ఆ బస్సుకి ఇంకా గంటన్నర టైముంది.

ఫాదర్ గారికి ఈ రోజే వేరే ఉత్తరం రాశాను, పోసింది నేనేనని. నీ చోటు నీకు వస్తుంది. ఇంతకంటే ఏం చెయ్యాలో చెప్పు.

తమ్ముడు

*

కుట్టు దుకాణం,
సోమవారం.

ఒరేయ్,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. అంతా విని, "మీ తమ్ముడు ఉత్తరాలు బాగా రాస్తాడు" అని చెప్పి పళ్ళు తోముకోవడానికి వెళ్ళిపోయారు. నాకూ అదే అనిపించింది.

గంటన్నర టైముంది. ఆ గంటన్నరా ఎక్కడ కూర్చున్నావురా? బస్ స్టాండులోనా? నేను ఆ గంటన్నరా అక్కడ నిలబడి మాటలు పడ్డాను. అమ్మ పోయాక నీ పుస్తకాల దగ్గరి నుంచి నీ మొదటి పూజ రోజు వేసుకున్న అంగీ దాకా నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఆ అంగీలోనే తల దాచుకున్నావా?

మైకు ఫాదర్ గారు నిన్న పిలిచారు. ఈసారి తలుపు వేశారు. నీ ఉత్తరం చూపించలేదు, జేబు మీద చెయ్యేసి ఇందులో ఉందన్నట్టు తట్టారు.

"మీ తమ్ముడు రాశారు. సరే, అయిందేదో అయింది. ఇది బయటికి పోతే గురువులంటే జనానికి గౌరవం పోతుంది. నువ్వు ఆదివారం నుంచి మామూలుగా వచ్చెయ్" అన్నారు.

"మరి నా గౌరవం పోయింది కదండీ, అది ఎటు పోయిందో వెతికారా?" అన్నాను.

"నువ్వు వస్తే అందరికీ అదే అర్థమవుతుందమ్మా."

"ఏం అర్థమవుతుంది? జాలిపడి క్షమించేశారని అర్థమవుతుంది. తిట్టింది తలుపు తెరిచి. తప్పు లేదని చెప్పేది తలుపు వేసి. నేను రాను."

వచ్చేశాను. ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక గురువుకి ఎదురు చెప్పడం అదే మొదలు. పీఠం దగ్గర నిలబడితే నాకెంత ప్రాణంగా ఉంటుందో నీకు తెలుసు. ఆదివారం పొద్దున చేతులకి పనిలేక ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతుకుతున్నాను. గంట వినిపిస్తే కడుపు మండిపోతోంది. ఆ అల్లుడు గంట కొట్టాల్సిన చోట కొట్టడం లేదు, కొట్టకూడని చోట రెండుసార్లు కొడుతున్నాడు. అయినా ఆ దొడ్డిదారిన మాత్రం లోపలికి పోను.

ఏం చెయ్యాలో చెప్పమన్నావు. ఎక్కడ పోశావో అక్కడికొచ్చి నిలబడి చెప్పు, ఆదివారం, జనం ఉండగా.

అక్క

*

ఫాదర్ల నివాసం,
తర్వాతి వారం మంగళవారం.

ప్రియమైన అక్కకు,

మొన్నటి నుంచి గుండె తేలికగా ఉంది. ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయాను.

ఆదివారం పూజ కాగానే బస్సెక్కాల్సి వచ్చింది, నీతో నిమిషమైనా మాట్లాడలేకపోయాను. ఏమీ అనుకోకు. నువ్వు వెనక బెంచీలో కూర్చోవడం చూశాను. మైకు పట్టుకోగానే దేవుడే మాటలిచ్చాడు. ఆ రోజు కూజా మార్చి పోసిన పొరపాటు నాదేనని, నా సోదరి దాన్ని ఎంతో ఓర్పుతో మౌనంగా భరించిందని, మనుషులమైన మనందరం తప్పులు చేస్తామని చెప్పాను. జనం ఎంత మంచివాళ్ళక్కా. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. పూజయ్యాక వరసలో నిలబడి నా చేతులు పట్టుకున్నారు. ఒక పెద్దాయన, ఇలాంటి గురువుని తన జీవితంలో చూడలేదన్నాడు. మన ఫాదర్ గారు కూడా నన్ను కౌగిలించుకున్నారు. బిషప్ గారి దాకా సంగతి చేరిందట, వచ్చే నెల గురువుల సమావేశంలో వినయం గురించి నన్ను మాట్లాడమన్నారు.

ఇదంతా నీ వల్లే. నువ్వు నెట్టకపోతే నాకు ధైర్యం వచ్చేది కాదు. ఇప్పుడు నీ మనసు కూడా చల్లబడిందనుకుంటాను.

ప్రేమతో,
తమ్ముడు

*

కుట్టు దుకాణం,
శనివారం.

తమ్ముడికి,

చల్లబడలేదు.

నీ చేతులు పట్టుకోవడానికి జనం వరస కట్టినప్పుడు నేనెక్కడున్నానో చూశావా? స్తంభం పక్కన నిలబడ్డాను. ఎవరైనా ఒకరు వచ్చి, పాపం మిమ్మల్ని తప్పుగా అనుకున్నామండీ అంటారేమోనని నిలబడ్డాను. ఆరువందల మందిలో ఒక్కరు రాలేదు. సెక్రటరీ గారి భార్య మాత్రం వచ్చి, "అంత గొప్ప మనసున్న తమ్ముడు దొరకడం మీ అదృష్టమండీ" అంది. మాట పడింది నేను, దండ పడింది నీకు. వినయం మీద ప్రసంగం కూడా ఇస్తావట. ఇవ్వు, ఇవ్వు.

పైగా నేను ఓర్పుతో మౌనంగా భరించానా? ఎవరితో అంటున్నావురా ఆ మాట? నేను కేకలేశాను. డాక్టరు చేత రాయించుకున్నాను. చీమలు లెక్కపెట్టాను. నీకు ఒరేయ్ అని రాశాను. పీఠం ముందు నిలబడి నా గురించి అబద్ధం చెప్పావు. వినడానికి బాగుంటుందని చెప్పావు.

అదీ పెద్దది కాదు. అసలు చెప్పాల్సింది వదిలేశావు. కూజా మార్చి పోయడం పొరపాటే, ఆ రోజే ఒప్పుకుని ఉంటే ఇద్దరం సాయంత్రానికి నవ్వుకునేవాళ్ళం. కానీ నన్ను తిడుతుంటే అంగీలో తల దాచుకున్నది పొరపాటు కాదు. ఆ వారమే "కళ్ళు చూపించుకో" అని రాసింది పొరపాటు కాదు. నా కళ్ళ మీద నాకే అనుమానం పుట్టించావు చూడు, దానికి నేను డాక్టరు చూసేదాకా సూది పట్టుకోవడానికి భయపడ్డాను. ఆ సంగతి మైకులో ఒక్క ముక్క లేదు. జనానికి చెప్పుకోవడానికి వీలుగా ఉన్న తప్పు ఏరుకుని చెప్పావు.

మైకు ఫాదర్ గారి సంగతి కూడా రాస్తాను. గురువారం ఆయనే దుకాణానికి వచ్చారు. అల్లుడి కాలు తగిలి ఆయన పెద్ద పూజ వస్త్రం అంచు చిరిగిందట. అప్పుడు లోపల నలుగురు ఆడవాళ్ళున్నారు, ఆ పెళ్ళి గౌను ఆవిడ కూడా. వస్త్రం బల్ల మీద పెట్టి ఏదో గొణిగారు. నేను మిషను ఆపలేదు.

"వినబడలేదండీ, మిషను చప్పుడు" అన్నాను.

"ఆ రోజు నిన్ను తిట్టడం నాది తప్పమ్మా" అన్నారు, కొంచెం పెద్దగా.

"ఇంకొంచెం."

ఆయన నా వైపు చూశారు, ఆ నలుగురి వైపు చూశారు. తర్వాత నిజంగానే గొంతెత్తారు. "ఈవిడ తప్పేమీ లేదు. ఈవిడ పెట్టింది సరిగ్గానే పెట్టింది. కనుక్కోకుండా నేను నోరు పారేసుకున్నాను. ఆదివారం పీఠం దగ్గరికి రమ్మని అడగడానికి వచ్చాను" అన్నారు. అప్పుడు మిషను ఆపాను. కుర్చీ వేశాను. ఆయనంటే నాకు ఇప్పటికీ పెద్ద ఇష్టమేమీ లేదు గానీ, నీ పెద్ద ప్రసంగం కంటే ఆయన మూడు ముక్కలు నాకు బాగా ఆనాయి. ఒక షరతు పెట్టాను. కూజాలు నేనే అందిస్తాను, కెమెరా కావాలంటే పక్కకి జరుపుకోమన్నాను. ఒప్పుకున్నారు. అల్లుడికి గంట ఎప్పుడు కొట్టాలో నేర్పమని కూడా అడిగారు. నేర్పుతానన్నాను, పాపం వాడి తప్పేముంది.

కాబట్టి రేపు వెళ్తున్నాను. నాకు నా పని దొరికింది. నువ్వే ఇంకా మిగిలావు.

వచ్చే నెల నీ సమావేశం కంటే ముందు ఒక ఆదివారం రా. పూజ చేయడానికి కాదు. మామూలు చొక్కా వేసుకుని రెండో బెంచీలో మీ బావ పక్కన కూర్చో. ఆయన వస్తానన్నారు, అది కూడా లెక్కలోకి తీసుకో. పూజయ్యాక దుస్తుల గదిలోకి రా. ఫాదర్ గారినీ, సెక్రటరీనీ, అల్లుణ్ణీ, కీబోర్డు మాస్టారునీ ఉండమని చెప్తాను. ఆ రోజు ఆ గదిలో నువ్వు అనాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. "ఆవిడ కాదండీ, నేను." అంతే. దేవుణ్ణి మధ్యలోకి తేవద్దు, మనుషులందరం తప్పులు చేస్తామని కలపవద్దు.

ఆ మాట అన్నాక ఇంటికి రా, కలిసి అన్నం తిందాం. అనకపోతే బస్ స్టాండుకి దారి నీకు బాగా తెలుసు.

అక్క